నీలి సొర ఒకటే గుంపా, పలు గుంపులా: తేల్చడానికి ట్యాగ్ మేలా, డీఎన్‌ఏ మేలా?

నడిసముద్రపు సొరల్లో నీలి సొర అంత విస్తారంగా తిరిగేవి అరుదు. ఉత్తరాన సుమారు 60 డిగ్రీల అక్షాంశం నుంచి దక్షిణాన 50 డిగ్రీల వరకు మూడు మహాసముద్రాల్లోనూ అది కనిపిస్తుంది. చల్లటి నీటిని ఇష్టపడే ఈ సొర సమశీతోష్ణ ప్రాంతాల్లో నీటి ఉపరితలానికి దగ్గరగా తిరుగుతుంది, ఉష్ణమండలంలోకి వచ్చేసరికి లోతుకు దిగుతుంది. వేటను నియంత్రించే అంతర్జాతీయ సంఘాలు మాత్రం ఇంత విస్తీర్ణాన్ని ముక్కలు చేసి లెక్క కడుతున్నాయి. అట్లాంటిక్‌ను 5 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర రెండుగా విభజించి, మధ్యధరాను విడిగా ఉంచారు. పసిఫిక్‌ను ఉత్తర, దక్షిణ భాగాలు చేశారు. భారత్ కూడా సభ్యదేశంగా ఉన్న హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్ ఆ మహాసముద్రమంతటినీ ఒకే నిల్వగా, అంటే వేట లెక్కకు ఒకే గుంపుగా, చూస్తోంది. ఈ గీతలు సొరల నిజమైన గుంపులతో సరిపోకపోతే, ఒక గుంపు వేటకు తరిగిపోతున్నా పక్క గుంపు సంఖ్య దాన్ని కప్పిపుచ్చుతుంది. కాబట్టి గీత ఎక్కడ ఉండాలో చెప్పగల పద్ధతి ఏదన్నది తేల్చుకోవలసిన విషయమే.

అన్నిటికన్నా పాతది, చవకైనది సొర ఒంటికి గుచ్చి వదిలే మామూలు ట్యాగ్. అమెరికా ప్రభుత్వ మత్స్య విభాగం 1962లో ఆరంభించిన పథకంలో వాడేది చిన్న ఉక్కు ములుకు, దానికి తగిలించిన గొట్టం లాంటి పారదర్శక బిళ్ల. బిళ్ల లోపల చుట్టి పెట్టిన చీటీ మీద నంబరు, తిరిగి పంపవలసిన చిరునామా పలు భాషల్లో ఉంటాయి, ఎందుకంటే ఆ సొర రేపు స్పెయిన్ పడవకు చిక్కుతుందో, జపాన్ పడవకు చిక్కుతుందో ఎవరికీ తెలియదు. యాభై ఏళ్లకు పైగా సాగిన ఈ పనిలో అన్నిటికన్నా దూరం పోయింది నీలి సొరే: ట్యాగ్ వేసిన చోటి నుంచి 3,997 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 7,400 కిలోమీటర్లు. ఉత్తర అట్లాంటిక్‌ను ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాటిన సొరలు ఎన్నో ఉండగా, భూమధ్యరేఖ దాటినట్టు దొరికినవి మాత్రం చాలా తక్కువ. 5 డిగ్రీల గీతకు ఇది కొంత ఊతమిస్తుంది. అయితే ట్యాగ్ వేసినవాటిలో తిరిగి దొరికేది నూటికి ఏడు ప్రాంతంలోనే. పైగా ఆ చీటీ చెప్పేది సొర ఎక్కడ తిరిగిందని కాదు, పడవ ఎక్కడ గాలం వేసిందని. పడవలు పోని నీళ్లలో సొరలు లేవనుకుంటే అది పొరపాటు.

ఉపగ్రహ ట్యాగ్ ఈ లోటును చాలావరకు తీర్చింది. వీపు రెక్కకు బిగించిన ట్యాగ్ ఆ రెక్క నీటి పైకి వచ్చినప్పుడల్లా స్థానాన్ని పంపుతుంది. మరో రకం ట్యాగ్ నెలల తరబడి వెలుతురు, ఉష్ణోగ్రత, లోతు నమోదు చేసుకుని, గడువు తీరాక తనంతట ఊడి తేలి ఆ వివరాలను ఉపగ్రహానికి అందిస్తుంది. 2019లో వెలువడిన ఒక ప్రపంచవ్యాప్త అధ్యయనం 23 జాతులకు చెందిన 1,681 సొరల దారులను పడవల దారులతో పోల్చి, సొరలు నెలలో వాడుకునే సముద్రంలో సగటున 24 శాతం లాంగ్‌లైన్ (వందలాది గాలాలు కట్టిన పొడవాటి తాడు) వేట కిందికే వస్తోందని లెక్కగట్టింది. ఇంతటి వివరం మామూలు ట్యాగ్ ఇవ్వలేదు. కానీ ఉపగ్రహ ట్యాగ్ ధర వేల డాలర్లలో ఉంటుంది కనుక నీలి సొరలకు వందల్లో వేయగలరు గానీ లక్షల్లో వేయలేరు. అదీగాక, లోతులోనే గడిపే ఉష్ణమండలపు సొర రెక్కను పైకి చూపించదు, వెలుతురు కొలతను బట్టి దాని స్థానం కట్టడమూ కష్టమే.

ఇక డీఎన్‌ఏ. దీనికి చిన్న రెక్క ముక్క చాలు, చచ్చిన చేప నుంచి తీసినా ఫరవాలేదు. ఈ సౌలభ్యం వల్ల దీన్ని చివరి తీర్పుగా చూసే అలవాటు పెరిగింది, నాకు అభ్యంతరం అక్కడే. 2018 నాటి అధ్యయనం వివిధ సముద్రాల నీలి సొరల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చింది, అయితే ఆ పరిశోధకులే అది నిజంగా ఒకే గుంపు కావడం వల్లనా, లేక విడిపోయిన జాడ జన్యువుల్లో ఇంకా తేలకపోవడం వల్లనా అన్న ప్రశ్న వేశారు. సంఖ్య భారీగా ఉన్న జాతిలో రెండు గుంపులు విడిపోయాక కూడా ఆ తేడా పైకి తేలడానికి అనేక తరాలు పడుతుంది. తరానికి నాలుగైదు సొరలు అటూ ఇటూ మారినా జన్యువుల్లో తేడా చెరిగిపోతుంది, కానీ తరిగిన నిల్వను నింపడానికి ఆ నాలుగైదు ఏమాత్రం చాలవు. 2023లో మొత్తం డీఎన్‌ఏ అంతటా వేల చోట్లను పోల్చి చూసినప్పుడు ఉత్తర అట్లాంటిక్, మధ్యధరా సొరలకూ హిందూ, పసిఫిక్ మహాసముద్రాల సొరలకూ తేడా బయటపడింది. సముద్రం మారలేదు, కొలబద్ద మాత్రమే మారింది.

మరో నడిసముద్రపు సొర మాకో విషయంలో ఈ సంగతి ఇంకా స్పష్టం. తల్లి నుంచి మాత్రమే సంక్రమించే మైటోకాండ్రియా డీఎన్‌ఏ చూస్తే ఉత్తర అట్లాంటిక్ మాకోలు వేరుగా కనిపించాయి, తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే డీఎన్‌ఏ చూస్తే ఆ తేడా దాదాపు మాయమైంది. ఆడవి ఒక సముద్రాన్ని అంటిపెట్టుకుని ఉండగా మగవి దూరాలు తిరుగుతాయని చెప్పుకుంటే రెండు ఫలితాలూ పొసగుతాయి.

నమూనా ఎక్కడ తీశారన్నదీ చూడాలి. ఇంగ్లండ్ నైరుతి తీరాన చిక్కే నీలి సొరల్లో ఎక్కువ భాగం ఈడుకు రాని ఆడవే. ఒక్క రేవు నమూనాతో మొత్తం గుంపు లక్షణం చెప్పడం దుస్సాహసం.

కాబట్టి వేట పరిమితి గీత కోసమైతే నా మొగ్గు ట్యాగ్‌ల వైపే, వీలైనచోట ఉపగ్రహ ట్యాగ్‌ల వైపు. డీఎన్‌ఏ 'వేరు' అంటే నమ్మవచ్చు, 'ఒకటే' అంటే ఆ మాటతో గీత చెరపకూడదు. బంగాళాఖాతం లాంటి వెచ్చటి నీళ్లలో మాత్రం ఈ వరుస తిరగబడుతుంది. అక్కడ లోతున ఉండే సొర ఉపగ్రహానికి అందదు, అట్లాంటిక్‌లో మాదిరి దశాబ్దాల ట్యాగ్ పథకమూ లేదు. విశాఖ, కొచ్చి రేవుల్లో గాలం పడవలు దించే సొరల నుంచి రెక్క ముక్కలు సేకరించడంతోనే మొదలుపెట్టడం మేలు. 2023 నవంబరు నుంచి నీలి సొర అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలోకి వచ్చింది, ఆ ముక్కను విదేశీ ప్రయోగశాలకు పంపాలన్నా అనుమతి పత్రం తప్పనిసరి కనుక, పరీక్షను దేశంలోనే చేయించుకునే ఏర్పాటు ముందే చూసుకోవాలి.