బొహీమియన్స్ జెర్సీ: 70 యూరోల్లో ఆటగాడి జీతానికి చేరేదెంత?

జెర్సీ బాగుంది. ఆ ముక్క ముందే చెప్పేస్తే లెక్కలు తీరిగ్గా చూసుకోవచ్చు.

డబ్లిన్‌లోని బొహీమియన్స్ ఫుట్‌బాల్ క్లబ్బు 1890లో పుట్టింది, ఇప్పటికీ సభ్యులదే. వెనక డబ్బున్న ఆసామి లేడు. అందుకే దీని జెర్సీ అమ్మకం పక్క వ్యాపారం కాదు, జట్టు బడ్జెట్లో ఒక పద్దు. వీళ్ల జెర్సీల్లో పేరు మోసింది జమైకా గాయకుడు బాబ్ మార్లీది. 1980 జూలై 6న ఆయన పాడింది క్లబ్బు సొంత మైదానం డాలీమౌంట్ పార్కులోనే. 2019 సీజన్ కోసం ఆయన ముఖంతో బయటి మ్యాచ్‌ల జెర్సీని 2018 అక్టోబరులో ప్రకటించారు. బొమ్మ హక్కుల దగ్గర పేచీ వచ్చింది. ముఖం తీసేసి బిగించిన పిడికిలి వేశారు, ఎరుపు పసుపు ఆకుపచ్చ చారలు మాత్రం ఉంచారు. హక్కులన్నీ చూసుకుని 2022లో మార్లీనే మళ్లీ తెచ్చారు. డిజైనుకి ముందు లైసెన్సు కాగితం చేతిలో ఉండాలన్న పాఠం అలా ఖరీదుగానే నేర్చుకున్నారు.

ఇక లెక్క. పెద్దల జెర్సీ 70 యూరోలనుకోండి. ఐర్లండ్‌లో పెద్దల బట్టల మీద వ్యాట్ 23 శాతం. ధరలో కలిసే ఉంటుంది కాబట్టి 13 యూరోల 9 సెంట్లు సర్కారుకి పోయి, 56.91 మిగులుతుంది. అందులోంచి తయారీదారు బిల్లు, కార్డు కమిషను, పోస్టు ఖర్చు, బొమ్మ హక్కుదారు వాటా పోవాలి. ఏదైనా సేవాసంస్థకి మాటిచ్చి ఉంటే అదీ పోవాలి. 2020లో శరణార్థులకి మద్దతుగా తెచ్చిన జెర్సీ మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీతో కలిసి వేసిందే. చివరికి 25 యూరోలు మిగిలాయనుకుందాం. ఇది క్లబ్బు చెప్పిన అంకె కాదు, లెక్క కోసం పెట్టుకున్నది. వారానికి 1,000 యూరోల ఆటగాడికి ఏడాదికి 52,000. యజమాని కట్టే సామాజిక బీమా 11 శాతం పైచిలుకు కలిపితే దాదాపు 57,700. అంటే ఒక్క ఆటగాడికి 2,300 జెర్సీలు అమ్ముడుపోవాలి. జట్టులో అలాంటివాళ్లు ఇరవైమందికి పైనే.

మరి ఈ వ్యాపారం దేనికంటారా? డబ్బు వచ్చే వేళ కోసం. ఐర్లండ్ లీగ్ ఫిబ్రవరిలో మొదలై నవంబరుకి ముగుస్తుంది. ఆ తర్వాత గేటు వసూళ్లు సున్నా. చాలా క్లబ్బులు ఏళ్ల తరబడి నలభై చిల్లర వారాలకే ఆటగాళ్లతో ఒప్పందం రాసుకున్నది ఇందుకే. కొత్త జెర్సీ ప్రీ-ఆర్డర్లు సరిగ్గా ఆటల్లేని ఆ చలికాలంలో వడ్డీ లేని అప్పులా చేతికొస్తాయి. ప్రమాదం సైజుల్లో ఉంటుంది. అభిమానులకి కావాల్సినవి మూడు రోజుల్లో అయిపోయి, అటూ ఇటూ చివరి సైజులు గోదాములో పడున్నాయంటే లాభం అక్కడే ఆగిపోయినట్టు. ముందు డబ్బు తీసుకుని తర్వాత కుట్టించడం దానికి మందు. కొనేవాడికి ఓపిక కావాలి మరి.

ఈ చిల్లర రాబడిని చిన్నచూపు చూస్తే ఏమవుతుందో ఐర్లండ్ బాగానే చూసింది. 2005లో కార్క్ సిటీ, 2006లో షెల్‌బోర్న్, 2007లో ద్రోహెడా, 2008, 2009ల్లో బొహీమియన్స్ లీగ్ ఛాంపియన్లు. ఈ నాలుగూ డబ్బు దగ్గర కూలబడినవే. షెల్‌బోర్న్ లీగ్ గెలిచి మరీ కింది డివిజనుకి పోయింది. బొహీమియన్స్ అయితే మైదానం స్థలం అమ్మకం నమ్ముకుని జీతాలు పెంచేసింది, ఆ బేరం కాస్తా తప్పిపోయింది. 2015లో నగర కౌన్సిల్ 38 లక్షల యూరోలకి డాలీమౌంట్ కొన్నాకే కాస్త ఊపిరి పీల్చుకుంది. ఆటగాళ్ల ఖర్చు ఆదాయంలో 65 శాతం దాటకూడదన్న నిబంధన అప్పుడూ ఉంది. అయితే ఆదాయం అన్నది సీజన్ ముందు క్లబ్బు రాసిచ్చే అంచనా. గేటుకి ఐదొందల మందిని ఎక్కువ రాసుకుంటే 65 శాతం ఇట్టే సరిపోతుంది. డెర్రీ సిటీ ఇంకో అడుగు ముందుకేసి ఆటగాళ్లకి చాటుగా రెండో ఒప్పందాలు రాసింది. 2009లో లీగ్ నుంచి బయటికి పంపేశారు.

యూరప్ పోటీల డబ్బుతో పోలిస్తే జెర్సీ చీమే. 2024-25 కాన్ఫరెన్స్ లీగ్‌లో (యూరప్ క్లబ్బుల మూడో స్థాయి పోటీ) డబ్లిన్‌దే అయిన షామ్‌రాక్ రోవర్స్ కి ప్రవేశానికే 31.7 లక్షల యూరోలు. మూడు గెలుపులకి తలా 4 లక్షలు, రెండు డ్రాలకి తలా 1.33 లక్షలు. మొత్తం 46 లక్షలు దాటింది. మన 25 యూరోల లెక్కన లక్షా ఎనభై ఐదు వేల జెర్సీలు! కానీ ఆ డబ్బు ఒక ఏడు వస్తుంది, మరో ఏడు జూలై అర్హత మ్యాచ్‌ల్లోనే ఓడితే రాదు. దాన్ని చూసి రెండేళ్ల జీతాలు రాసుకున్న క్లబ్బుకి రెండో ఏడు చుక్కలు కనిపిస్తాయి.

కొనేవాళ్లకి: ఆన్‌లైన్‌లో కొన్నది 14 రోజుల్లో వెనక్కివ్వొచ్చు గానీ పేరు వేయించుకుంటే ఆ హక్కు పోతుంది. సైజు ఖాయమయ్యాకే పేరు. వేడితో అతికించిన అక్షరాలు కాబట్టి తిరగేసి చల్లనీళ్లలో ఉతకాలి, ఇస్త్రీ తగలకూడదు. పదకొండేళ్ల లోపు పిల్లల సైజు బట్టలకి వ్యాట్ లేదు, కాబట్టి ఆ సైజు జెర్సీ ధరలో సర్కారు వాటా ఉండదు. మీ ఉద్దేశం జట్టుకి సాయమే అయితే అదే 70 యూరోలు పెట్టి మ్యాచ్ టికెట్లు కొనండి. వాటి మీద వ్యాట్ లేదు, కుట్టుకూలీ అంతకంటే లేదు. శుక్రవారం రాత్రి ఆట కూడా చూసినట్టవుతుంది.