ఎండకు కమిలిన చర్మానికి కాలమైన్ లోషన్: కొన్ని వేసవుల వాడకం తర్వాత

పల్నాడు మిర్చి కల్లాల్లో పని ఉన్నవారికి ఫిబ్రవరి మొదలుకొని పంట అమ్ముడయ్యే దాకా నీడ పట్టున ఉండే గంటలు తక్కువ. కోసి తెచ్చిన కాయను పరచి, తిరగేయించి, తాలుకాయను (రంగు తగ్గిన నాసికాయను) ఏరించి, టిక్కీలకు (మిర్చి బస్తాలకు) ఎత్తించేవరకు కల్లం వదిలి రావడానికి వీలుండదు కనుక, మెడ వెనుక భాగం, ముంజేతులు, చెప్పు పట్టీలు కప్పని పాదాలు ముందుగా కములుతాయి. అందుకే మా ఇంట్లో కొన్నేళ్లుగా వేసవిలో కాలమైన్ లోషన్ సీసా ఎప్పుడూ ఉంటుంది.

నేను చెప్పేది మందుల దుకాణంలో దొరికే గులాబీ రంగు లోషన్ గురించి. ముఖంపై జిడ్డు తగ్గిస్తుందని కాలమైన్ పేరుతో అమ్మే సౌందర్య లోషన్ల కూర్పు వేరుగా ఉంటుంది. బ్రిటిష్ ఫార్మకోపియా (మందుల ప్రమాణాలు చెప్పే గ్రంథం) ప్రకారం తయారైన లోషన్‌లో 15 శాతం కాలమైన్ (జింక్ కార్బొనేట్ పొడి), 5 శాతం జింక్ ఆక్సైడ్, కొద్దిగా గ్లిజరిన్, పొడి త్వరగా అడుగుకు దిగకుండా ఆపే బెంటొనైట్ అనే మట్టి ఉంటాయి. ఆ గులాబీ రంగు ఐరన్ ఆక్సైడ్ వల్ల వచ్చింది. బెంటొనైట్ ఉన్నా, సీసాను కదపకుండా ఉంచితే పైన నీరు తేరి, అడుగున ముద్ద పేరుకుంటుంది. బాగా కుదపకుండా ఒంపుకుంటే చేతికి వచ్చేది చాలావరకు ఆ నీరే.

దీని వల్ల నాకు కలిగిన మేలులో మొదటిది చెమటకాయల విషయంలో. స్నానం చేసి, ఒళ్లు ఆరాక దూదితో పలుచగా అద్దితే, లోషన్‌లోని నీరు ఆవిరవుతూ చర్మం వేడిని కొంత తీసుకుపోతుంది. మిగిలిన పొడి చెమటను పీల్చి, బట్ట రాపిడిని తగ్గిస్తుంది. రాత్రి వీపు గీరుకోకుండా నిద్ర పట్టడమే దీనికి నేనిచ్చే పెద్ద మెప్పు. మన చామనఛాయ ఒంటి మీద అది ఆరాక విభూది పూసుకున్నట్లు కనబడుతుంది కనుక పగలు రాసుకుని బయటికి వెళ్లడం కష్టమే. దిండు గలీబులకు అంటే గులాబీ మరకలను ఇంట్లోవారు క్షమించాలి.

అయితే ఎండకు నిజంగా కందిపోయి, ముట్టుకుంటే చుర్రుమనే చర్మానికి దీన్ని మొదటి మందుగా నేను సిఫారసు చేయను. ఎండలో ఉన్న కొన్ని గంటల తర్వాత మొదలయ్యే ఆ ఎరుపు, మంట సుమారు 12 నుంచి 24 గంటల మధ్య పతాక స్థాయికి చేరుతాయి. సాయంత్రం ఎంత లోషన్ రాసినా జరిగిన నష్టం వెనక్కి పోదు. పైగా కాలమైన్ చర్మాన్ని పొడిబారుస్తుంది. పొర ఊడే దశలో రాస్తే చర్మం మరింత బిగుసుకుని చిటపటలాడుతుంది. ఆ దశలో చల్లని నీటితో తడిపిన మెత్తని బట్టను కాసేపు వేసి, చర్మంపై తడి ఉండగానే వాసన లేని మామూలు మాయిశ్చరైజర్ గానీ కలబంద జెల్ గానీ రాయడం నాకు ఎక్కువ హాయినిచ్చింది. పెరటి కలబంద వాడేవారు మట్టను కోసి నిలబెట్టి, పసుపుపచ్చని రసమంతా కారిపోనివ్వాలి, ఎందుకంటే కొందరికి ఆ రసమే దురద పుట్టిస్తుంది.

ఎండకు నల్లబడిన రంగును కాలమైన్ పోగొట్టదు. ఆ పని కోసం నిమ్మరసం రాసుకునేవారిని మా వైపు చూస్తూనే ఉంటాను. నిమ్మలోని కొన్ని పదార్థాలు చర్మంపై ఉండగా ఎండ తగిలితే బొబ్బలు, వాటి వెనుక ముదురు మచ్చలు వచ్చే ప్రమాదం ఉంది. దుకాణంలో అడిగి తెచ్చుకునే "తెల్లబరిచే" ట్యూబులు అంతకంటే చెడ్డవి. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది, నెలల తరబడి వాడితే ముఖచర్మం పలుచబడి, చిన్న ఎండకే ఎర్రబడుతుంది.

కల్లంలో పనిచేసేవారికి మరొక మాట. చేతుల మంట ఎండ వల్లా, మిర్చి ఘాటు వల్లా అన్నది ముందుగా తేల్చుకోవాలి. ఘాటుకు కారణమైన క్యాప్సైసిన్ నీటిలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. కాబట్టి వంటనూనెతో రుద్ది, సబ్బుతో కడిగిన తర్వాతే కాలమైన్ జోలికి వెళ్లాలి. కడగకుండా పైన పూస్తే ఘాటు పొర కింద అలాగే ఉండిపోతుంది.

పొక్కులు పైకి లేచినా, జ్వరం, వాంతులు, తల తిరగడం తోడైనా లోషన్‌తో కాలయాపన చేయకుండా వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. పొక్కులను చిదపకూడదు, పగిలిన చర్మంపై కాలమైన్ పూయకూడదు. ధర తక్కువ కదా అని పెద్ద సీసా కొనడం మాత్రం మాకు కలిసిరాలేదు. వేసవి దాటాక మూలన పడి, మరుసటి ఏడాదికి అడుగున గట్టిపడి, ఎంత కుదిపినా కలవదు. చిన్న సీసా, గడువు తేదీ చూసి, మార్చిలో కొనుక్కుంటే చాలు.