లిట్‌మన్ క్లాసిక్ 3 స్టెతస్కోపు: జిల్లా ఆసుపత్రిలో మూడు నెలలు వాడిన తరువాత

పాలమూరు వైపు ఒక చిన్న పట్టణంలోని ప్రభుత్వ ఆసుపత్రికి జిల్లా రెసిడెన్సీ మీద బయలుదేరడానికి వారం ముందు, కోఠీలో లిట్‌మన్ క్లాసిక్ 3 స్టెతస్కోపు కొన్నాను. నేను హైదరాబాద్‌లో జనరల్ మెడిసిన్ ఎండీ రెండో ఏడాది చదువుతున్నాను. జాతీయ వైద్య కమిషన్ నిబంధనల ప్రకారం ఎండీ, ఎంఎస్ చదివే ప్రతి ఒక్కరూ మూడు, నాలుగు, ఐదు సెమిస్టర్లలో ఏదో ఒక దానిలో మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలి. ఆ మూడు నెలలూ ఈ పరికరం నా మెడ మీద, లేదంటే నా చేతిలో ఉంది. నగరంలో కూర్చుని వాడి ఉంటే దీని గురించి నాలుగు వాక్యాలకు మించి రాయగలిగేదాన్ని కాదు. అక్కడికి వెళ్లాకే దీని విలువ నాకు తెలిసింది కాబట్టి, ఆ ఆసుపత్రి పనిని చెప్పకుండా ఈ సమీక్ష రాయడం నాకు సాధ్యం కాదు.

ముందు ధర సంగతి. నేను కొన్నప్పుడు దాదాపు తొమ్మిది వేల రూపాయలైంది. రెండో ఏడాది పీజీకి తెలంగాణలో అప్పుడు నెలకు 70,757 రూపాయల స్టైపెండు వచ్చేది కాబట్టి అది మోయగలిగిన భారమే. అంతకుముందు ఎంబీబీఎస్ చివర హౌస్ సర్జన్‌గా నెలకు 25,906 రూపాయలు అందుకున్న రోజుల్లో మాత్రం అంత డబ్బు పెట్టడానికి చెయ్యి రాలేదు. అప్పట్లో ఒక దుకాణంలో, పేరు మాత్రం లిట్‌మన్ అని ముద్రించి ఉన్నదాన్ని చాలా తక్కువకు కొన్నాను. అది నకిలీదని ఆరు నెలలకు ట్యూబు మెడ దగ్గర పగిలినప్పుడు గాని తెలియలేదు. ఆ ఆరు నెలల్లో నాకు వినిపించని శబ్దాలు ఎన్ని ఉండి ఉంటాయో అని ఇప్పటికీ మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంటుంది. అందుకే కొనబోయేవారికి నా మొదటి మాట ఇది: అసలైన క్లాసిక్ 3 చెస్ట్ పీస్ మీద, అంటే ఛాతీకి ఆనించే లోహపు భాగం మీద, ఒక వరుస సంఖ్య చెక్కి ఉంటుంది. దాన్ని చూసి, పెట్టె మీది సంఖ్యతో సరిపోల్చి, బిల్లు మీద రాయించుకుని గాని డబ్బు ఇవ్వకండి. బిల్లు ఇవ్వనన్న దుకాణం మెట్లు దిగి వచ్చేయండి.

ఇక పరికరం. చెస్ట్ పీస్ స్టెయిన్‌లెస్ స్టీలుది, మొత్తం బరువు 150 గ్రాములు, పొడవు 69 సెంటీమీటర్లు. ఒకవైపు పెద్దలకు, రెండోవైపు పిల్లలకు, రెండువైపులా డయాఫ్రమ్, అంటే శబ్దానికి కదిలే పలుచని పొర, ఉంటుంది. పాత తరం స్టెతస్కోపుల్లో సన్నని, ఎక్కువ పౌనఃపున్యపు శబ్దాలకు డయాఫ్రమ్‌నూ, బొంగురు శబ్దాలకు పొర లేని గిన్నెలాంటి బెల్‌నూ మార్చి మార్చి వాడాలి. దీనిలో ఒకే డయాఫ్రమ్ రెండు పనులూ చేస్తుంది. ఛాతీ మీద తేలికగా ఆనిస్తే పొర స్వేచ్ఛగా కదులుతుంది కాబట్టి బొంగురు శబ్దాలు వినిపిస్తాయి, గట్టిగా నొక్కితే ఆ కదలిక తగ్గిపోయి సన్నని శబ్దాలు తేటపడతాయి. పుస్తకంలో ఇది ఒక్క వాక్యం. చేతికి రావడానికి మాత్రం నాకు రెండు వారాలు పట్టింది, ఎందుకంటే అంతవరకూ నాకు గట్టిగా నొక్కడమే అలవాటు. తేలికగా ఆనించడం అంటే చెస్ట్ పీస్ తన బరువుతో తానే ఛాతీ మీద నిలిచినంత తేలికగా అని ఎవరూ చెప్పలేదు. పిల్లలవైపు ఉన్న డయాఫ్రమ్‌ను తీసి, పెట్టెలో ఇచ్చిన రింగు తొడిగితే అది మామూలు బెల్ అవుతుంది. నేను మొదటి రోజే అలా మార్చేసుకున్నాను. మెడిసిన్ చదివేవారికి అదే మేలని నా అభిప్రాయం.

హైదరాబాద్‌లో మా వార్డు నుంచి ఎకో (గుండె స్కాన్) గదికి నడిచి వెళ్లడానికి పట్టే సమయం నాలుగు నిమిషాలు. గుండెలో మర్మర్ (రక్తం పారేటప్పుడు వచ్చే అదనపు శబ్దం) ఉందని అనుమానం వస్తే ఎకోకు రాసేస్తాము, రిపోర్టు వచ్చాక మళ్లీ వెళ్లి విని, అవును, వినిపిస్తోందని అనుకుంటాము. అది వినడం కాదు. నేను వెళ్లిన పట్టణంలో రాత్రి ఎనిమిది దాటితే నా చేతిలో ఉన్నవి ఒక ఈసీజీ యంత్రం, ఒక ఎక్స్-రే, ఒక పల్స్ ఆక్సీమీటరు, ఈ స్టెతస్కోపు. నిర్ణయం నాది, పక్కన ఒక స్టాఫ్ నర్సు, గుమ్మం దగ్గర రోగి మనుషులు పది మంది.

రెండో వారంలో, రాత్రి పదకొండు దాటాక, ఐదో నెల గర్భంతో ఉన్న ఒక యువతిని ఆటోలో తీసుకొచ్చారు. “డాక్టరమ్మా, పండుకుంటే దమ్ము ఆడుత లేదు” అని ఆమె తల్లి చెప్పింది. అంతకుముందు ఎక్కడో ఉబ్బసమని చెప్పి మందులిచ్చారట. నాకు కూడా మొదట వినిపించినవి పిల్లికూతలే. ఉబ్బసం మందును ఆవిరిగా పీల్పించే నెబ్యులైజేషన్ పెట్టమని చెప్పడానికి నోరు తెరిచినదాన్ని, ఊపిరితిత్తుల అడుగు భాగాల్లో రెండువైపులా క్రెప్స్, అంటే నీరు చేరినప్పటి చిటపటలు, వినిపించడంతో ఆగిపోయాను. ఆమెను ఎడమవైపుకు తిప్పి పడుకోబెట్టి, శ్వాస వదిలి ఒక్క క్షణం ఆపమని, గుండె కొస మీద బెల్‌ను తాకీ తాకనట్టు ఉంచాను. రెండో శబ్దం తరువాత ఒక చిన్న టక్కుమనే శబ్దం, ఆ వెంటనే దూరంగా ఎడ్లబండి చెక్క వంతెన మీద పోతున్నట్టు బొంగురు గరగర. మైట్రల్ కవాటం ఇరుకైపోయిన గుండె అది. అటువంటి గుండెకు వేగం పెరిగితే ఎడమ కర్ణిక ఖాళీ కావడానికి సమయం చాలదు, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. ఉబ్బసమనుకుని సాల్బుటమాల్ ఇచ్చి ఉంటే గుండె ఇంకా వేగంగా కొట్టుకునేది. ఆక్సిజన్ పెట్టి, కూర్చోబెట్టి, ఒంట్లో నీరు తీసే ఫ్యూరోసెమైడ్ ఇచ్చి, మా సార్‌కు ఫోన్ చేసి చెప్పి, 108లో హైదరాబాద్‌కు పంపాము. రెండు రోజుల తరువాత అక్కడి ఎకోలో అదే తేలింది. ఆ గరగరను పాత స్టెతస్కోపుతో వినగలిగేదాన్నా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. వినగలిగేదాన్ని కాదనే నా నమ్మకం.

అయితే అక్కడ స్టెతస్కోపుకు ఎక్కువ పని పెట్టింది గుండె కాదు, పురుగుల మందు. పత్తి, కంది వేసే పల్లెలు చుట్టూ ఉన్న ఏ ఆసుపత్రిలోనైనా “మందు తాగిండు సారూ” అనే కేక వారానికి ఒకసారైనా వినిపిస్తుంది. ఆర్గనోఫాస్ఫరస్ రకం పురుగుల మందు విషానికి విరుగుడుగా అట్రోపిన్ ఇస్తాము. ఎంత ఇవ్వాలో ఏ పట్టికా చెప్పదు, రోగి ఊపిరితిత్తులే చెప్పాలి. ఐదు నిమిషాలకొకసారి ఛాతీ విని, స్రావాల గరగర తగ్గకపోతే మోతాదు రెట్టింపు చేస్తూ, ఊపిరి తేటగా వినిపించి, గుండె వేగం 80 దాటి, చంకలు పొడిబారి, రక్తపోటు నిలబడేదాకా మంచం దగ్గరి నుంచి కదలకూడదు. కనుపాప పెద్దది కావడం కోసం చూస్తూ కూర్చున్నా, ఛాతీ వినడం మానేసినా పొరపాటే. ఒక రాత్రి నేను ఒకే మనిషి ఛాతీని ముప్పై సార్లకు పైగా విన్నాను. అప్పుడు ఈ పరికరంలో నాకు నచ్చిన గుణం శబ్దం కంటే చెవి సుఖం. ఇయర్ టిప్పులు మెత్తగా ఉండి చెవి రంధ్రానికి బిగుతుగా అమరుతాయి, బయటి రొద చాలావరకు తగ్గుతుంది. గంటల తరబడి పెట్టుకున్నా నొప్పి పుట్టలేదు. బిగుతు ఎక్కువైతే రెండు లోహపు గొట్టాలను మెల్లగా దూరంగా లాగి సడలించుకోవచ్చు. టిప్పులు ముక్కువైపు తిరిగి ఉండాలన్న సంగతి హౌస్ సర్జన్లలో కొందరికి తెలియదు, తిరగేసి పెట్టుకుని ఏమీ వినిపించడం లేదంటారు.

ఒక లోపం చెప్పాలి, అది నా అజాగ్రత్తతో కలిసింది కాబట్టి నన్ను భయపెట్టింది. రెండువైపులా డయాఫ్రమ్ ఉన్న ఏ స్టెతస్కోపులోనైనా ఒక సమయంలో ఒకవైపే తెరుచుకుని ఉంటుంది, చెస్ట్ పీస్‌ను ట్యూబుకు కలిపే కాండాన్ని తిప్పి మార్చుకోవాలి. శ్వాస మందగించిన ఒక పాముకాటు రోగికి శ్వాసనాళంలోకి గొట్టం వేశాక, నియమం ప్రకారం ముందు పొట్ట మీద, తరువాత ఛాతీకి రెండువైపులా వినాలి. పొట్ట మీద ఏ శబ్దమూ లేదని సంతోషించాను. కుడివైపు ఆనించాను, నిశ్శబ్దం. ఎడమవైపూ నిశ్శబ్దమే. గొట్టం ఎక్కడికి వెళ్లిందో తెలియని ఆ రెండు మూడు సెకన్లు నేను మరచిపోలేను. ఛాతీ చక్కగా లేస్తోంది కదా మేడమ్ అని ఊపిరి అందించే అంబు బ్యాగు నొక్కుతున్న సిస్టర్ అనడంతో చెస్ట్ పీస్ చూశాను, కాండం బెల్‌వైపు తిరిగి ఉంది. తిప్పి, పొట్ట దగ్గరి నుంచి మళ్లీ మొదలుపెట్టి విన్నాను, గొట్టం సరిగ్గానే ఉంది. జేబులో పెట్టి తీసేటప్పుడు కాండం తిరిగిపోతుంది. అప్పటి నుంచి రోగి మీద పెట్టే ముందు డయాఫ్రమ్‌ను వేలితో ఒకసారి తట్టి చూసుకుంటాను. ఇదే సంస్థ చేసే కార్డియాలజీ 4 శబ్దంలో ఇంకా మేలైనది, ధర దీనికంటే బాగా ఎక్కువ. కార్డియాలజీలోకి వెళ్లాలనుకునేవారు తప్ప మిగతావారు అంత పెట్టనక్కరలేదని నా ఉద్దేశం.

పిల్లల డాక్టర్లకు ఒక మాట. పిల్లలవైపు డయాఫ్రమ్ వ్యాసం 3.3 సెంటీమీటర్లు. బడికి పోయే పిల్లలకు అది సరిపోతుంది. నవజాత శిశువు ఛాతీ మీద పెడితే గుండె ఏదో ఊపిరి ఏదో విడదీయడం కష్టం. ప్రసూతి వార్డులోనో, నవజాత శిశువుల ప్రత్యేక విభాగం ఎస్‌ఎన్‌సీయూలోనో పనికి వెళ్లేవారు శిశువుల కోసం చేసిన చిన్నదాన్ని విడిగా ఉంచుకోవాలి.

ఎండ విషయం చెప్పాలి. నేను వెళ్లింది వేసవిలో. మేము ఇద్దరం పీజీలం ఒక కిరాణా దుకాణం పై అంతస్తులో రేకుల కప్పు గది అద్దెకు తీసుకున్నాము. మధ్యాహ్నం కరెంటు పోతే ఆ గదిలో నిలవలేక ఆసుపత్రి డ్యూటీ గదికే వచ్చి పడుకునేవాళ్లము. డ్యూటీలో స్క్రబ్స్‌కు కాలరు ఉండదు, కాబట్టి ట్యూబు నేరుగా చెమట పట్టిన మెడకు తగులుతుంది. చర్మం నూనె తగిలి ట్యూబు క్రమంగా గట్టిపడుతుందని, చర్మానికి నేరుగా తగలనివ్వవద్దని తయారీదారులే చెబుతారు. నేను ఏప్రన్ కాలరు మీద వేసుకుని, మిగతా సమయం సంచిలో పెట్టాను. మూడు నెలల తరువాత ట్యూబు కొన్నప్పటిలాగే మెత్తగా ఉంది. రోగికీ రోగికీ మధ్య 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో డయాఫ్రమ్ తుడవండి, ఏ ద్రావణంలోనూ ముంచకండి. మా ఆసుపత్రిలో స్పిరిట్ దూది ప్రతి మంచం దగ్గరా ఉండేది కాబట్టి దానికి సాకు చెప్పే అవకాశం ఉండేది కాదు.

రంగు గురించి కూడా ఆలోచించండి. నల్లవి అందరి దగ్గరా ఉంటాయి, డ్యూటీ గదిలో బల్ల మీద వదిలితే తెల్లారేసరికి ఎవరిది ఎవరి మెడలో ఉంటుందో చెప్పలేము. నేను ముదురు ఎరుపు రంగుది కొని, పేరు రాసిన పట్టీ తగిలించాను. ఒకసారి పోయింది, ఓపీలో ఉన్న ఒక హౌస్ సర్జన్ రంగు చూసి గుర్తుపట్టి తెచ్చి ఇచ్చాడు.

జిల్లా రెసిడెన్సీకి వెళ్లబోయే మెడిసిన్, అనస్తీషియా, పల్మనాలజీ పీజీలు దీన్ని కొనమని నేను గట్టిగా చెబుతాను. హౌస్ సర్జన్లు స్టైపెండు మీద ఇంటికి డబ్బు పంపుతున్నవారైతే అప్పు చేసి కొనవద్దు, ఏ మంచి సంస్థదైనా నిజాయితీగా తన పేరుతోనే అమ్మే సాదా స్టెతస్కోపు తీసుకుని, రోజూ వార్డులో పది ఛాతీలు వినండి, దీనికి తరువాత రావచ్చు. దీనికి అయిదేళ్ల వారంటీ ఉంది, బిల్లు లేకపోతే ఆ వారంటీ దొరకదు. నా బిల్లును ఫోన్‌లో ఫొటో తీసుకుని, కాగితాన్ని ఎంబీబీఎస్ సర్టిఫికెట్ల ఫైలులో పెట్టాను.