చిన్న ఊరికి ఏది మేలు: రైలా, ఆటోనా, నైట్ హాల్ట్ బస్సా?

మా ఊరు వరంగల్ జిల్లాలో నర్సంపేటకూ నెక్కొండకూ మధ్యలో ఉంటుంది. జనం వెయ్యికి లోపే. గ్రామసభలో రాకపోకల మాట వచ్చినప్పుడల్లా ఒకరు నెక్కొండలో ఇంకో రైలు ఆపించమంటారు, ఒకరు ఆటోలు చాలంటారు, ఒకరు బస్సు కావాలంటారు. నా ఓటు బస్సుకే, అదీ రాత్రి ఊళ్ళోనే ఆగే నైట్ హాల్ట్ బస్సుకే.

రైలు చౌక. ఆర్డినరీ టికెట్ 10 రూపాయల నుంచే మొదలవుతుంది. ఇటు వరంగల్, కాజీపేట, అటు మహబూబాబాద్, డోర్నకల్, ఖమ్మం ఒకే లైన్లో ఉన్నాయి. దూరప్రయాణానికి దానికి సాటి లేదు. కానీ స్టేషన్ మాకు ఏడు కిలోమీటర్లు. అక్కడిదాకా ఆటోకు పెట్టే డబ్బులు రైలు టికెట్టును మించిపోతాయి. రాత్రి రైలు దిగితే బండి వేసుకుని ఎవరో ఒకరు ఎదురు రావాలి.

ఆటో గడప ముందుకు వస్తుంది. అర్ధరాత్రి పురిటి నొప్పులొస్తే 108 వచ్చేలోపు ఆటో అన్ననే లేపుతాం, అతను కాదనడు. ఆ మేలు మరచిపోలేం. కష్టమంతా రోజువారీ ప్రయాణంలోనే. ఆటో నిండితేనే కదులుతుంది, చిన్న ఊళ్ళో నిండడానికి గంట పడుతుంది. నిండిందంటే ముగ్గురు కూర్చోవాల్సిన దాంట్లో పది మంది. మిర్చి ఏరే రోజుల్లో అయితే పొద్దున్నే ఆటోలన్నీ కైకిలి (కూలి) వాళ్ళను తీసుకుని చేన్ల దారి పడతాయి. ఇంటర్ పిల్లలు బ్యాగులు తగిలించుకుని రోడ్డు మీద నిలబడి ఉంటారు. పరీక్షల రోజుల్లో ఆ తల్లిదండ్రుల టెన్షన్ నేను చూశాను.

బస్సులోనూ తేడా ఉంది. పది గంటలకు వచ్చి పోయే బస్సు కాలేజీకీ పనికిరాదు, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఓపీకీ పనికిరాదు. నైట్ హాల్ట్ బస్సు రాత్రి ఊళ్ళోనే పడుకుని తెల్లవారుజామున బయలుదేరుతుంది. కూరగాయల గంపలు, పాస్ ఉన్న పిల్లలు, ఆసుపత్రికి పోయే ముసలివాళ్ళు అందులోనే వెళ్తారు. ఎంత ఆలస్యమైనా ఆఖరి బస్సు మన ఊరికే వస్తుందన్న ధీమా ఉంటే ఆడపిల్లను వరంగల్‌లో చదివించడానికి ఇంట్లో వెనకాడరు. పైగా 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకంతో పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం. రానూపోనూ ఆటో కిరాయి లెక్కేసుకుని ఆసుపత్రికి పోవడం వాయిదా వేసే అమ్మలకు ఇది చిన్న సంగతి కాదు.

'ఇంత చిన్న ఊరికి బస్సా?' అంటారు. ఇక్కడే జనాభా లెక్క మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన, మైదాన ప్రాంతంలో 500 మంది ఉన్న ఆవాసానికి రోడ్డు వేస్తామంది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో 500 దాటిన తండాలు పంచాయతీలయ్యాయి. అలా రోడ్డుకూ సర్పంచ్‌కూ తలల లెక్క సరిపోయింది. బస్సుకు కావాల్సింది ఎక్కేవాళ్ళ లెక్క. మన చేతిలో ఉన్న జనగణన 2011ది. కొత్తది 2027 మార్చి 1 నాటి లెక్క. హైదరాబాద్‌లో కాపురం పెట్టిన వాళ్ళను అక్కడే రాసుకుంటారు, మన సంఖ్య తగ్గినా తగ్గొచ్చు. అందుకే ఆ అంకె పట్టుకుని అడగడం వృథా.

దారిలో ఉన్న రెండు తండాలను కలుపుకుందాం. మూడు చోట్లా రోజూ చదువుకు ఎందరు, పనికి ఎందరు, వారానికోసారి ఆసుపత్రికి, అంగడికి ఎందరు వెళ్తున్నారో ఇంటింటికీ తిరిగి రాసి, ముగ్గురు సర్పంచుల సంతకాలతో ఆర్టీసీ డిపోలో ఇద్దాం. డ్రైవర్, కండక్టర్ రాత్రి ఎక్కడ పడుకుంటారనే అక్కడ మొదట అడుగుతారు. పంచాయతీ ఆఫీసు పక్క గది ఖాళీగానే ఉంది. దానికి తలుపు, ఫ్యాను, బాత్రూంలో నీళ్ళు ఈ నెలలోనే పెట్టించాలి.