తొమ్మిదేళ్లు పెద్ద చర్చిలో, ఏడేళ్లు చిన్న సంఘంలో: ఒంగోలు నుంచి నా అనుభవం

ఒంగోలుకి బదిలీ మీద కొత్తగా వచ్చినవాళ్లు నన్ను తరచూ అడుగుతుంటారు. "అక్కా, ఎక్కడ చేరమంటావు? పెద్ద చర్చిలోనా, చిన్న సంఘంలోనా?" అని. ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు కాబట్టి వివరంగా రాస్తున్నాను. 2009 నుంచి 2018 దాకా మా కుటుంబం ఊళ్లో ఒక పెద్ద చర్చికి వెళ్లింది. ఆ తర్వాత ఇల్లు మారి, కొత్తపట్నం రోడ్డు వైపు రేకుల షెడ్డులో నడిచే చిన్న సంఘంలో చేరాం. ఇప్పటికీ అక్కడే ఉన్నాం. రెండింటి పేర్లూ రాయను. రెండు చోట్లా నాకు మేలే జరిగింది, రెండు చోట్లా కన్నీళ్లు పెట్టుకున్న రోజులూ ఉన్నాయి.

ముందు పెద్ద చర్చి గురించి. ఆదివారం వెయ్యి మందికి పైగా వచ్చేవాళ్లు. వయసును బట్టి సండే స్కూలు తరగతులు, మే నెలలో పది రోజులు వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకి నడిపే బైబిల్ తరగతులు), యూత్‌కి విడిగా కూడిక. వాక్యం చెప్పే ఆయన వారమంతా చదివి సిద్ధపడి వచ్చేవారు, అది వినగానే తెలిసిపోయేది. ఇవన్నీ ఊరికే రావు, వెనక ఎంతోమంది కష్టం ఉంటుంది.

2014లో మా ఆయనకి పనిచేసే చోట గ్రానైట్ స్లాబు జారి కాలు నుజ్జయింది. ఆయనది ఓ నెగటివ్ రక్తం. సాయంత్రం ఆరింటికి చర్చి గ్రూపులో మెసేజ్ పెడితే ఏడున్నరకల్లా నలుగురు వచ్చి నిలబడ్డారు. వాళ్లలో ముగ్గురిని నేను అంతకు ముందు చూసిందే లేదు. ఆ రాత్రి ఆయన బతికాడంటే ఆ నలుగురి వల్లే. నలభై మంది ఉన్న సంఘంలో ఓ నెగటివ్ వాళ్లు నలుగురు ఎక్కడ దొరుకుతారు?

కానీ ఆస్పత్రిలో మేం ఉన్నది ఒక్క రాత్రి కాదు, ఇరవై రెండు రోజులు. ఆదివారం ఆయన కోసం స్టేజీ మీద ప్రార్థన చేశారు. చీటీలో పేరు తప్పు చదివారట, మా తోటికోడలు చెప్పింది. అరవై చీటీలు వరసగా చదివేటప్పుడు ఆ మాత్రం పొరపాటు రావడం సహజం, నేను తప్పు పట్టను. సోమవారం నుంచి శనివారం దాకా మాత్రం ఎవరూ రాలేదు. గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు వచ్చేవి. పక్క మంచం మీద ఒక పెద్దామె ఉండేది. ఆమె కోసం రోజూ సాయంత్రం ఒక పాస్టరమ్మ గారు బస్సెక్కి, చేతిలో నాలుగు గిన్నెల క్యారియర్‌తో వచ్చేవారు. మూడో రోజు నుంచి పై గిన్నె నాకిచ్చి, "నువ్వు కూడా తినమ్మా, గోంగూర పప్పు" అనేవారు. నేను ఏ చర్చికి వెళ్తానో ఆమె ఒక్కసారి కూడా అడగలేదు. నాలుగేళ్ల తర్వాత ఇల్లు మారినప్పుడు నేను వెతుక్కుంటూ వెళ్లింది ఆ గోంగూర పప్పు తెచ్చిన సంఘానికే.

చిన్న సంఘంలో మొదటి నెలల్లోనే ఒక సంగతి అర్థమైంది. అక్కడ ఊరికే వచ్చి కూర్చుని వెళ్లడం కుదరదు. ఎవరో ఒకరు షట్టరు ఎత్తాలి, చాపలు పరవాలి, మంచినీళ్ల బిందె నింపాలి. ప్రభు బల్లకి, అంటే యేసు కడరాత్రి భోజనాన్ని తలుచుకుని అందరం పంచుకునే రొట్టె, ద్రాక్షరసం కూడా ఆడవాళ్లమే వంతులవారీగా చేస్తాం. పెద్ద చర్చిలో ట్రేలలో సర్ది ఉన్నది అందుకోవడమే తెలిసిన నాకు మొదటి వంతు వచ్చినప్పుడు చేతులు వణికాయి. శనివారం రాత్రి నల్ల ద్రాక్ష కడిగి, చిదిమి, సన్నటి సెగ మీద మరగబెట్టి, పల్చటి గుడ్డలో వడకట్టాలి. తెల్లవారుజామున గోధుమపిండి ఉప్పు వేయకుండా తడిపి, ఒకే పెద్ద రొట్టె చేసి, నూనె చుక్క లేకుండా పెనం మీద కాల్చాలి. నా రొట్టె ఒక పక్క పొంగింది, అంచు మాడింది. మళ్లీ చేయడానికి టైము లేదు. ఏడుపు మొహంతో తీసుకెళ్తే పాస్టరమ్మ గారు ఆ మాడిన అంచు గోటితో నెమ్మదిగా గీరి, "ఏం కాదులేమ్మా, ఇంటి రొట్టె" అని తెల్లగుడ్డలో చుట్టి బల్ల మీద పెట్టారు. ఆ రోజు ఆ రొట్టె విరుస్తుంటే నాకు కలిగిన భావం అంతకు ముందు తొమ్మిదేళ్లలో ఎప్పుడూ కలగలేదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు పెద్ద చర్చి వెంటనే యూట్యూబ్‌లో ఆరాధన మొదలుపెట్టింది. మా పాస్టర్ గారికి అప్పటికి బటన్ ఫోనే ఉంది. ఆయన రోజుకి ఆరు ఇళ్ల చొప్పున ఫోన్ చేసి ఒక్కొక్కరితో ప్రార్థించేవారు. మా అత్తగారికి టీవీలో వచ్చే వాక్యం కంటే ఆ అయిదు నిమిషాల ఫోనంటేనే ప్రాణం. 2021లో ఆమె ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. సంఘంలో మగవాళ్లే పారలు పట్టుకుని గొయ్యి తవ్వారు. మూడో రోజు ఆదరణ కూడికకి బియ్యం, కూరగాయలు ఎవరు తెచ్చి వంటింట్లో పెట్టారో నాకు ఈ రోజుకీ తెలీదు.

ఇదంతా చదివి చిన్న సంఘంలో అన్నీ బాగుంటాయని అనుకోకండి. మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది డబ్బు లెక్కే. మొదటి రెండేళ్లు కానుకల లెక్క ఎవరికీ చెప్పలేదు. షెడ్డు ఉన్న స్థలం కూడా పాస్టర్ గారి సొంత పేరు మీదే ఉంది. ఆయన మోసం చేసే మనిషి కాదు, అయినా అలా ఉండటం తప్పు. రేపు ఆయనకేమైనా అయితే ఆ స్థలం వారసులది అవుతుంది, సంఘానిది కాదు. ఇదే మాట మా ఆయన పెద్దల ముందు అంటే, దైవసేవకుణ్ణి అనుమానించారని మూడు కుటుంబాలు మాతో మాట్లాడటం మానేసి, చివరికి సంఘమే వదిలి వెళ్లిపోయాయి. నలభై అయిదు మందిలో పన్నెండు మంది వెళ్తే షెడ్డు బోసిపోతుంది. పెద్ద చర్చిలో ఇలాంటి గొడవ జరిగినా ఆదివారం కుర్చీలు నిండే ఉంటాయి, మా దగ్గర ఖాళీ చాపలు కళ్లెదుట కనిపించేవి. ఇప్పుడు కానుకల సంచీ ఇద్దరు కలిసి లెక్కపెట్టి నోటుబుక్కులో రాస్తారు, నెల మొదటి ఆదివారం పైకి చదువుతారు. సంఘాన్ని సొసైటీగా రిజిస్టరు చేయించి, స్థలం దాని పేరున మార్చే పని నడుస్తోంది. వెళ్లినవాళ్లలో ఒక కుటుంబం తిరిగి వచ్చింది.

పెళ్లి విషయం కూడా ముందే అడిగి తెలుసుకోండి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం మాలాంటి సంఘాల్లో పెళ్లి చేయడానికి పాస్టర్ గారికి ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. మా పాస్టర్ గారికి లేదు. మా మరిది పెళ్లికి లైసెన్సు ఉన్న వేరే పాస్టర్ గారిని బతిమాలి తీసుకొచ్చాం. సర్టిఫికెట్ వీసాకి అవసరమైంది కాబట్టి ఆ టెన్షన్ అంతా పడ్డాం. సమాధి స్థలం సంగతి కూడా అడగండి. పాత మిషన్ చర్చీలకి సొంత సమాధుల తోటలుంటాయి, మాలాంటి సంఘాలకి ఊరి శ్మశానమే దిక్కు.

పిల్లల విషయంలో మేం మధ్యేమార్గం పట్టాం. మా సండే స్కూల్లో తొమ్మిది మంది పిల్లలు, టీచర్‌ని నేనొక్కదాన్నే. పాప తొమ్మిదో తరగతికి వచ్చేసరికి తన ఈడు ఆడపిల్ల ఒక్కతీ లేదు. అందుకని రెండో శనివారం పెద్ద చర్చి యూత్ కూడికకి పంపేవాళ్లం. పాస్టర్ గారు మొదట నొచ్చుకున్నారు, తర్వాత ఆయనే బండి మీద దింపి వచ్చేవారు. బాబు మాత్రం మా దగ్గరే రిథమ్ ప్యాడ్ నేర్చుకున్నాడు. అంత పెద్ద స్టేజీ మీద వాడికి ఎప్పటికి అవకాశం వచ్చేదో!

మా ప్రాంతంలో ఈ చిన్నా పెద్దా అనే మాట కొత్తదేం కాదు. అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు 1867 జనవరి 1న ఒంగోలులో సంఘం స్థాపించినప్పుడు ఉన్నది ఎనిమిది మంది. 1876-78 నాటి ధాత కరువు వెళ్లీ వెళ్లకముందే, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా నాయనమ్మ వాళ్ల తాతగారు ఆ రోజు ఆ ఏట్లో దిగారని మా ఇంట్లో చెప్పుకుంటారు. రిజిస్టరులో అది ఒకే పెద్ద సంఘం. కానీ ఆ జనమంతా ప్రతి ఆదివారం ఒంగోలు నడిచి రాలేదు. ఎవరి పల్లెలో వాళ్లు, చెట్టు కిందో పూరింట్లోనో పదీ ఇరవై మంది కూడుకునేవాళ్లు. జ్వరమొస్తే చూసేదీ, చావుకి మోసేదీ ఆ పదీ ఇరవై మందే. నాకు పెద్ద చర్చిలో దొరకనిది ఇదే.

అందుకే అడిగినవాళ్లందరికీ నేను చెప్పేది ఒకటే, ఆదివారం చూసి తేల్చుకోవద్దు. ఆదివారం అన్ని చర్చీలూ బాగానే ఉంటాయి. బుధవారం సాయంత్రం వెళ్లండి. తలుపు తీసి ఉందా, ఎవరున్నారు, ఎవరి ఇంటికి వెళ్లడానికి బయల్దేరుతున్నారు, అది చూడండి.

పోయిన జూన్‌లో మా పాప ఇంటర్ చదవడానికి నెల్లూరు వెళ్లింది. హాస్టల్‌కి దగ్గర్లో ఒక పెద్ద చర్చి, ఒక చిన్న సంఘం ఉన్నాయి. పాపకీ ఇదే మాట చెప్పాను. మనసులో అది చిన్నదాంట్లోనే చేరుతుందని అనుకున్నాను. రెండు వారాల తర్వాత ఫోన్ చేసింది. చిన్న సంఘానికి బుధవారం వెళ్తే తాళం వేసి ఉందట. పెద్ద చర్చి వెనక గదిలో పదకొండు మంది ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని ప్రార్థన చేసుకుంటున్నారట. పాపని మధ్యలో కూర్చోబెట్టి పేరు, ఊరు, హాస్టల్లో తిండి ఎలా ఉందో అడిగారట. "శుక్రవారం ఒక ఆంటీ వచ్చి హాస్టల్ గేటు దగ్గర పచ్చడి సీసా ఇచ్చి వెళ్లిందమ్మా" అంది. ఏం పచ్చడని అడిగితే గోంగూర అంది. అందులోనే చేరమన్నాను.