ములాఖత్ గది దగ్గర మూడు రోజులు: ఒక సబ్ జైలుపై సమీక్ష

గత వేసవిలో మా డెల్టాలోని ఒక సబ్ జైలుకు మూడుసార్లు ములాఖత్‌కు వెళ్లాను. మా హైస్కూలులో చదివిన కుర్రాడొకడు రొయ్యల చెరువు మీద మోటారు పోయిన కేసులో అక్కడ రిమాండులో ఉన్నాడు. హోటలును సమీక్షించినట్టు జైలును సమీక్షించడమేమిటని కొందరికి తోచవచ్చు. కానీ నచ్చకపోతే లేచి వెళ్లిపోయే వీలు లోపలివారికి లేదు గనుక, చూసి వచ్చినవాళ్లమే చెప్పాలి.

బాగున్నవి ముందు చెబుతాను. ములాఖత్ చీటీకి ఎవరూ చెయ్యి చాపలేదు. కుర్రాడికి దగ్గు పట్టుకుంటే మర్నాడే డాక్టరుకు చూపించారు. ములాఖత్ గదిలో మాత్రం ఇనుప జాలీకి అటూ ఇటూ అందరూ ఒకేసారి అరుస్తుంటే, తల్లి అడిగింది కొడుక్కి, కొడుకు చెప్పింది తల్లికి సగమే చేరుతోంది.

అసలు లోపం వేరే ఉంది. చెప్పుల జత, బెల్టు, జేబులోని చిల్లర వరకు లెక్క రాసుకున్నవారు, వయసు దగ్గరకు వచ్చేసరికి పోలీసు కాగితాల్లో ఉన్నదే దించుకున్నారు. "చెరువు దగ్గర పని ఇవ్వాలంటే పద్దెనిమిది నిండాయని చెప్పమన్నారు మాస్టారూ, స్టేషన్లో కూడా అదే చెప్పేశాను" అన్నాడు వాడు. అడ్మిషన్ రిజిస్టరులో వాడి పుట్టిన తేదీ రాసింది నేనే. దాని ప్రకారం మోటారు పోయిన నాటికి వాడికి 17 ఏళ్ల 5 నెలలు. నేరం జరిగిన నాటికి 18 నిండనివారిని లాకప్‌లో గానీ జైలులో గానీ ఉంచకూడదని 2015 నాటి బాలల న్యాయ చట్టం స్పష్టంగా చెబుతోంది. పోనీ 18 నిండినవాడే అనుకున్నా, 21 ఏళ్లలోపు మగ ఖైదీలను మిగతావారితో కలపకుండా ఉంచాలని 1894 నాటి జైళ్ల చట్టంలోనే ఉంది. వాడు పడుకున్నది నడివయసు వాళ్లతో నిండిన బ్యారక్‌లో. ఈ లెక్కన అక్కడ పాటించనిది నిన్నమొన్నటి చట్టం మాత్రమే కాదు.

కస్టడీలో ఉన్న మనిషి ప్రాణానికి ప్రభుత్వమే జవాబుదారీ అని, కొడుకును పోగొట్టుకున్న తల్లి రాసిన ఉత్తరంపై విచారించి, సుప్రీంకోర్టు 1993లోనే 1,50,000 రూపాయల పరిహారం ఇప్పించింది. ప్రాణం పోయాక లెక్క కట్టే బాధ్యత, గేటు దగ్గర వయసు సరిచూసుకోవడంతోనే మొదలు కావాలి కదా.

ఉచిత న్యాయ సహాయానికి మాత్రం మంచి మార్కులే వేస్తాను. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో సంబంధం లేకుండా అది దక్కుతుంది. నేను 15100కు ఫోను చేశాను. వచ్చిన లాయరమ్మ వయసు వాదన ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా లేవనెత్తవచ్చని, ముందు స్కూలు సర్టిఫికెట్టు, అది లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చే జనన ధ్రువపత్రం, రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష అని, వాడి తల్లికి అర్థమయ్యే మాటల్లో ఓపికగా చెప్పారు. స్టడీ సర్టిఫికెట్టు కోసం సెలవుల్లో బడి తాళాలు తీయించడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ ఆలస్యం మా బడిదే, జైలుది కాదు.

వాడిని, కేసుల్లో ఉన్న పిల్లలను ఉంచే అబ్జర్వేషన్ హోమ్‌కు మార్చేసరికి జైలులో 19 రోజులు గడిచాయి. జైలుకు అయిదుకు రెండు మార్కులు వేస్తున్నాను. ఆ రెండూ చీటీ రాసిన గుమాస్తాకు, మర్నాడే చూసిన డాక్టరుకు.