గాల్‌బ్లాడర్ కీహోల్ ఆపరేషన్: క్లిప్పా, హార్మోనిక్కా?

హైదరాబాద్‌లో ఆపరేషన్ ఎస్టిమేట్ చేతికొచ్చాక పేషెంటు తరఫువాళ్లు తరచూ అడిగేది: "హార్మోనిక్ అని విడిగా వేశారు, అవసరమా?" చిన్న రంధ్రాల గుండా గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) తీసేటప్పుడు రక్తనాళాన్ని మూయడానికి వాడేవి ఈ రెండూ: చిన్న లోహపు క్లిప్పులు, లేదా హార్మోనిక్ అనే పరికరం.

ఖర్చు: టైటానియం క్లిప్పులు చవక. హార్మోనిక్ బాగా ఖరీదు.

పని: క్లిప్పు రక్తనాళాన్ని నొక్కి పట్టుకుంటుంది, కత్తిరించడం వేరే పని. హార్మోనిక్ అల్ట్రాసౌండ్ కంపనాలతో నాళాన్ని మూసి, కోసేస్తుంది.

రిస్క్: క్లిప్పు జారొచ్చు. హార్మోనిక్ కొన వేడి పక్కనున్న పిత్తనాళానికి తగలొచ్చు. నన్నడిగితే అసలు ప్రమాదం పరికరంలో లేదు. రక్తం చిమ్మగానే కంగారుపడి, చోటు కనిపించకుండానే క్లిప్పు వేయడంలో ఉంది. ముందు గాజుగుడ్డతో కాసేపు నొక్కి, రక్తాన్ని పీల్చేసి, శుభ్రంగా చూడాలి. అప్పటికీ ఆగకపోతే పొట్ట తెరవడం ఓటమేమీ కాదు.

మామూలు కేసుకు క్లిప్పులే చాలు. సిర్రోసిస్ (లివర్ గట్టిపడే జబ్బు) ఉండి, లివర్ అంచున రక్తం ఊరుతుంటే హార్మోనిక్ పెట్టిన డబ్బుకు పనికొస్తుంది.